సడలిన కండరములకు విడుదల

శస్త్రచికిత్స యనగానే మనకు కత్తియు, మత్తుమందును తలపునకు వచ్చును. మూడవది యొకటి కలదు: కండరములను సడలించు మందు. కడుపు కోయునపుడు కండరములు బిగిసియున్నచో వైద్యునికి చేయి ఆడదు. 1942లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అను వైద్యులు, దక్షిణ అమెరికా ఆదిమజాతులు బాణములకు పూయు క్యురారే విషమునుండి తీసిన మందును ఈ పనికి వాడి చూపిరి. నేడు రోక్యూరోనియం, వెక్యూరోనియం, అట్రాక్యూరియం మొదలగునవి వాడుకలో నున్నవి.

అయితే, ఊపిరి తీయు కండరములును వీనితో సడలును. మెలకువ వచ్చినను అవి తేరుకొననిచో రోగి గతి యేమి? శ్వాస చాలదు, గొంతులోని కళ్లె వెడలదు, బాధ చెప్పుకొన నోరు రాదు. కనుకనే విరుగుడు కావలెను. ముఖ్యమైనవి రెండింటిని నేనిప్పుడు పోల్చి చెప్పెదను.

నరమునుండి కండరమునకు ఆజ్ఞ తెచ్చు దూత అసిటైల్ కోలీన్. ఆ దూత కూర్చుండు పీటను సడలించు మందు ఆక్రమించును. 1931లో తయారైన నియోస్టిగ్మిన్, దూతలను నశింపజేయు ఎంజైమును ఆపును. దూతలు పెరిగి పీటలను మరల గెలుచుకొందురు. వెల స్వల్పము. కాని ఆ పెరుగుదలకు హద్దు కలదు. సడలింపు గాఢముగా నున్నపుడు ఎంత ఎక్కించినను ఫలింపదు. గుండె వేగమును తగ్గించును గావున అట్రోపిన్ గాని, గ్లైకోపైరొలేట్ గాని జతచేయుదురు.

సుగమాడెక్స్ 2008లో ఐరోపాలోను, 2015లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోను అనుమతి పొందెను. ఎనిమిది గ్లూకోజు భాగములు వలయముగా కూడిన గిన్నె వంటి దీని అణువు, రోక్యూరోనియమును, వెక్యూరోనియమును తనలో బంధించును. మూత్రముతో వెలికి కొనిపోవును. బరువు కిలో ఒక్కింటికి సాధారణపు సడలింపునకు 2 మిల్లిగ్రాములు, గాఢమైన దానికి 4 ఇత్తురు. కొలది నిమిషములలో బలము వచ్చును. అయినను అట్రాక్యూరియం దీనికి చిక్కదు. వెల హెచ్చు. అరుదుగా తీవ్రమైన ఎలర్జీ కలుగును. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలు 7 దినములు వేరొక సాధనమును గూడ పాటింపవలెను.

ఏది మేలు? గాఢమైన సడలింపునకు రెండవదియే తగును; చాలవరకు తేరుకొన్నవానికి మొదటిదియు చాలును. అయితే ఆ తేడా కంటికి తెలియదని నేను నొక్కి చెప్పుచున్నాను. తల యెత్తగలవాడు సైతము లోపల బలహీనుడై యుండవచ్చును. మణికట్టు నరమును నాలుగుమారులు విద్యుత్తుతో తట్టి, బొటనవ్రేలి కదలికలను యంత్రముతో కొలువవలెను. నాలుగవ కదలిక మొదటి దానిలో నూటికి 90 పాళ్లకు తగ్గరాదు. ఈ కొలత లేనిదే ఏ విరుగుడును నమ్మదగినది కాదు.

కావున శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు వైద్యుడు ప్రశ్నించినపుడు, ఉబ్బసము, మూత్రపిండముల జబ్బు, పడని మందులు, వాడుచున్న మాత్రలు, వీనినన్నిటిని దాచక చెప్పుడు. ఆయన యెన్నిక దానిపై ఆధారపడి యున్నది.