గడుల్లో ఇమిడిన ఆకాశం

వాతావరణ నమూనాలో పనిచేసే సమీకరణాలు కొన్నే. గాలి వేగం మార్పుకు న్యూటన్ సూత్రం, గాలీ తేమా ఊరికే మాయం కావనే నియమాలు, వేడి లెక్క, పీడనాన్ని ఉష్ణోగ్రతతో ముడిపెట్టే వాయు సమీకరణం. వీటితో రేపటి వాతావరణాన్ని లెక్కగట్టవచ్చని నార్వే శాస్త్రజ్ఞుడు బ్యర్క్‌నెస్ 1904లోనే అన్నాడు. అయితే వీటికి కాగితం మీద పూర్తి సాధన దొరకదు. అందుకే ఆకాశాన్ని గడులుగా విడదీసి, పక్కపక్క గడుల విలువల తేడాను దూరంతో భాగిస్తారు. 100 కిలోమీటర్లలో పీడనం 2 మిల్లీబార్లు తగ్గితే, ఆ ఒక్క కారణంతో గాలి వేగం ప్రతి నిమిషం సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఇలాంటి కూడికలే గడిగడికీ, కాలంలో వేసే అంగఅంగకూ సాగాలి.

ఇంగ్లండుకు చెందిన రిచర్డ్‌సన్ దీన్ని చేత్తోనే చేసి చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూనే, 1910 మే 20 నాటి ఆరు గంటల మార్పును లెక్కించాడు. పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. నిజానికి అది దాదాపు కదలనే లేదు. ఆ ఓటమిని దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చువేశాడు. తప్పు సమీకరణాలది కాదు, మొదట ఇచ్చిన గాలి, పీడనాల విలువల మధ్య పొంతన లేకపోవడమే కారణం.

లెక్క నిలవడానికి ఇంకో షరతు 1928లో గణితజ్ఞులు కూరాంట్, ఫ్రెడరిక్స్, లెవీ చెప్పారు: ఒక్కో అంగలో అల ఒక గడి దాటకూడదు. దాటితే అంకెలు పేలిపోతాయి. అందుకే గడి పొడవు సగం చేస్తే గడులు నాలుగింతలు, అంగలు రెట్టింపు, పని ఎనిమిదింతలు. తర్వాతి పద్ధతులు ఈ కట్టుబాటును కొంత సడలించాయి.

1950లో వాతావరణ శాస్త్రజ్ఞుడు చార్నీ బృందం ఎనియాక్ కంప్యూటర్ మీద వేసిన మొదటి అంచనాలో గడి పొడవు 736 కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే అలాంటి ఒక్క గడిలో సుమారు సగమే. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి పొడవు 6 కిలోమీటర్లకు దిగింది.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కుండపోత కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజే 40 సెంటీమీటర్లు దాటింది. ఇలాంటి వానలు తెచ్చే అల్పపీడనం వందల కిలోమీటర్ల వ్యవహారం కనుక గడుల్లో బాగానే పట్టుబడుతుంది. ఉరుముల మేఘంలో గాలి పైకి ఎగిసే చోటు మాత్రం కొన్ని కిలోమీటర్లే. ఒకే గడిలో దాగిపోతుంది. దాని ప్రభావాన్ని గడి సగటు తేమ, వేడిని బట్టి ఉజ్జాయింపుగా చేరుస్తారు. పారామీటరైజేషన్ అంటే అదే. జిల్లాకు భారీ వాన అని ముందే చెప్పగలిగినా ఏ మండలం మీద విరుచుకుపడుతుందో తేల్చలేకపోవడానికి ఒక ముఖ్య కారణం అక్కడే ఉంది.