మాతృభాష గడిలో ఏమి రాయాలి?

ఆ ఇంట్లో బడి దరఖాస్తు రెండు రోజులుగా బల్ల మీదే ఉంది. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, చిరునామా, అన్ని గళ్ళూ నిండాయి. 'మాతృభాష' అన్న ఒక్క గడి మాత్రం ఖాళీగా మిగిలింది.

మన్సూరాబాద్‌లో స్థిరపడిన మధ్యతరగతి కుటుంబం వారిది. తండ్రిది నల్గొండ వైపు ఊరు, ఆయన ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు. తల్లి గుంటూరు జిల్లాలోని ఒక నూర్‌బాషా కుటుంబం నుంచి వచ్చింది. ఆమె పుట్టింట తరతరాలుగా తెలుగే. ఎనిమిదేళ్ళ ఆ బాలుడు తండ్రిని 'అబ్బా' అనీ, తల్లిని 'అమ్మా' అనీ, నాన్నను కన్న తల్లిని 'దాదీ' అనీ, అమ్మను కన్న తల్లిని 'అమ్మమ్మా' అనీ పిలుస్తాడు. ఉదయం బడిలో ఇంగ్లీషు చదువుతాడు, సాయంత్రం మసీదులో అరబ్బీ అక్షరాలు దిద్దుతాడు.

"ముస్లింలం కదా, ఉర్దూ అని రాస్తే సరిపోతుంది" అన్నాడు తండ్రి.

"వాణ్ణి నేను ఏ భాషలో జోకొట్టానో అది రాయండి" అన్నది తల్లి.

ఆ పక్కనే కూర్చున్న అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆమె మాటలు తగ్గించి చాలా కాలమైంది. తాను తెలుగులో పలకరిస్తే మనవడు ఇంగ్లీషులో బదులివ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె అంతే.

అలా ఎందుకు చేస్తున్నావని తల్లి ఒకనాడు బుజ్జగించి అడిగితే పిల్లవాడు అసలు సంగతి చెప్పాడు. బడిలో ఒక నేస్తం, "నువ్వు మాలాగే తెలుగు మాట్లాడతావు కదా, ముస్లింవి ఎట్లా అయ్యావు?" అని అడిగాడట. మసీదు దగ్గర మరో పిల్లవాడు, "ఉర్దూ సరిగ్గా రాదు, నువ్వేం ముసల్మాన్‌వి?" అన్నాడట. ఇద్దరివీ పసి మాటలే, ఎవరి మనసులోనూ ద్వేషం లేదు. కానీ ఆ రెండు ప్రశ్నల నడుమ నిలబడిన బాలుడికి ఇంగ్లీషు ఒక చాటుగా దొరికింది. ఆ భాషలో అతణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు అనేకం ఏదో ఒక రోజు ఈ ఖాళీ గడి ముందు ఆగుతాయి. నా బిడ్డ ఎవరు? వాణ్ణి అలా తీర్చిదిద్దేది మతమా, భాషా, ఊరా, ఇల్లా?

ఊరి పేరే చెప్పే సంగతి

మన్సూరాబాద్ అన్న పేరునే చూద్దాం. 'మన్సూర్' అరబ్బీ పదం. దైవసహాయం పొందినవాడు, విజయుడు అని దాని అర్థం. 'ఆబాద్' పారశీక పదం, జనం నివసించే తావు అని భావం. ఈ రెండు పదాలు కలిసిన పేరును తెలుగు నోళ్ళు తరతరాలుగా తమ ఊరి పేరుగా పలుకుతున్నాయి. ఈ పేటను ఆనుకుని వెళ్ళే జాతీయ రహదారి విజయవాడకు సాగుతుంది. ఆ దారి వెంట నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎల్బీనగర్, వనస్థలిపురం, మన్సూరాబాద్ పరిసరాల్లో ఇళ్ళు కట్టుకున్నాయి. 2007లో ఈ ప్రాంతం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్బీనగర్ వరకు వచ్చింది. రకరకాల యాసలు, రకరకాల ఆచారాలు ఒకే వీధిలో ఇరుగుపొరుగయ్యాయి.

ఈ కలయిక నిన్నటిది కాదు. గోల్కొండను ఏలిన ఇబ్రాహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవులను ఆదరించాడు, వారి నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యంగా పేరొందిన 'యయాతి చరిత్రము'ను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చినది పటాన్‌చెరు ప్రాంతపు అమీన్ ఖాన్‌కు. మనం రోజూ వాడే 'హక్కు', 'బాకీ', 'వసూలు', 'జిల్లా', 'తారీఖు' అన్న మాటలు అరబ్బీ మూలం నుంచి వచ్చినవే. ఆఖరికి 'రైతు' అన్న పదం కూడా 'రయ్యత్' నుంచి పుట్టినదే. పొలం దున్నే తెలుగువాడు ఆ మాటను పరాయిది అనుకోడు. అలాంటప్పుడు తెలుగు మాట్లాడే ముస్లిం బాలుణ్ణి "నువ్వు ఎవరు?" అని అడగవలసిన అవసరం ఎందుకు రావాలి?

ఒడి నేర్పిన భాష

మాతృభాష అంటే ఏమిటన్న ప్రశ్నకు మన దేశ జనగణన ఒక స్పష్టమైన నిర్వచనం ఇస్తుంది. బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో ఏ భాషలో మాట్లాడిందో అదే అతని మాతృభాష. తల్లి పసితనంలోనే మరణించి ఉంటే, బాల్యంలో ఆ ఇంట ప్రధానంగా మాట్లాడిన భాష మాతృభాష అవుతుంది. ఆ నిర్వచనంలో మతం ప్రస్తావన లేదు. మతానికి ఆ పట్టికలో వేరే గడి ఉంది. మాతృభాష కాక మరో రెండు భాషలు వచ్చునని నమోదు చేసుకునే వీలు కూడా ఉంది.

దివ్యఖుర్ఆన్ ఈ విషయంలో మరింత లోతైన దృష్టినిస్తుంది. భాషలలో, వర్ణాలలో మానవుల మధ్య ఉన్న వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు (30:22). ప్రతి ప్రవక్తనూ తన జాతి మాట్లాడే భాషతోనే పంపినట్లు తెలియజేశాడు (14:4). జాతులుగా, తెగలుగా మనల్ని చేసింది ఒకరినొకరు ఎరుగడానికే గాని గర్వించడానికి కాదని, అల్లాహ్ వద్ద గౌరవానికి కొలమానం దైవభీతి ఒక్కటేనని బోధించాడు (49:13). దైవప్రవక్త (స) సహచరులలో అబిసీనియా మూలాలున్న బిలాల్ (రజి), పారశీకుడైన సల్మాన్ (రజి), రోమనుల మధ్య పెరిగిన సుహైబ్ (రజి) ఉన్నారు. సల్మాన్ 'ఫార్సీ'గా, సుహైబ్ 'రూమీ'గానే చరిత్రలో నిలిచారు. ఇస్లాం వారి మూలాన్ని చెరిపివేయలేదు, దానికి ఒక ఉన్నతమైన గమ్యాన్ని చూపింది.

పెంపకం ఎంత, మనిషి ఎంత?

ప్రతి శిశువూ సహజ స్వభావం మీదనే జన్మిస్తాడని, ఆ తరువాత అతణ్ణి ఒక మార్గంలోకి మళ్ళించేది తల్లిదండ్రులేనని దైవప్రవక్త (స) తెలిపారు. పెంపకపు బరువెంతో ఈ ఒక్క బోధ చాలు చెప్పడానికి. అయితే పెంపకమే సర్వస్వమా? పుట్టిన ఇల్లు, పెరిగిన వాతావరణం గీసిన గీతను మనిషి దాటలేడా?

మూసా (అలై) జీవితం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఆయన పుట్టింది బానిసత్వంలో మగ్గుతున్న బనీ ఇస్రాయీల్ ఇంట, పెరిగింది ఫిరౌను రాజప్రాసాదంలో. కానీ ఆ పసివాడు ఏ దాది పాలూ ముట్టలేదు. చివరకు కన్నతల్లి ఒడికే తిరిగి చేరాడు. పెద్దవాడయ్యాక ప్రాసాదపు వైభవం ఆయనను అణగారినవారి నుంచి వేరు చేయలేకపోయింది. ఆ పిమ్మట మద్యన్‌లో గొర్రెల కాపరిగా ఏళ్ళ తరబడి గడిపారు. ఫిరౌను వద్దకు వెళ్ళవలసి వచ్చినప్పుడు తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు, తనకన్నా చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా కోరుకున్నారు. తల్లి ఒడి, రాజప్రాసాదం, కాపరి జీవితం, మూడూ ఆయనను మలిచాయి. కానీ వాటిలో దేనిని ఏ పనికి వినియోగించాలన్నది ఆయన విశ్వాసమే నిర్ణయించింది.

పెంపకం మనకు పునాది వేస్తుంది. దాని మీద ఏమి కట్టాలన్న బాధ్యత మనదే.

మన నేల మీది ఉదాహరణ ఒకటి చూద్దాం. బుర్రకథకు కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. పత్తి ఏకడం ఆ కులవృత్తి. ఆ వృత్తిని సూచించే 'పింజారి' అన్న మాటను తెలుగు సమాజం తిట్టుగా మార్చింది. నాజర్ పల్నాటి యుద్ధాన్నీ, బెంగాల్ కరువునూ తెలుగులో కథలుగా చెప్పి వేలాది జనాన్ని కదిలించారు. 1986లో పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. ఆయన చెప్పగా గ్రంథస్థమైన ఆత్మకథకు ఉన్న పేరు 'పింజారి'. తనను చిన్నబుచ్చడానికి లోకం వాడిన మాట ఆయన జీవిత కథకు శీర్షిక అయింది. అవమానపు మాటను దాచుకున్నంత కాలం అది గుచ్చుతూనే ఉంటుంది. నాజర్ దానిని అందరి ఎదుట తనదిగా పలికారు.

వేటిని వదలాలి, వేటిని నిలుపుకోవాలి?

ఇక్కడ మనల్ని మనం నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. పెద్దల నుంచి మనకు భాష ఒక్కటే రాలేదు, ఆచారాలు కూడా వచ్చాయి. వాటిలో మంచీ ఉంది, చెడూ ఉంది. వధువుకు వరుడు మహర్ ఇవ్వాలని ధర్మం విధిస్తే, మనం వధువు తండ్రి నుంచి జహేజ్ పేరుతో సొమ్ము పుచ్చుకుంటున్నాము. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) ప్రకటిస్తే, నూర్‌బాషా ఇంటి నుంచి పిల్లను తెచ్చుకోవడానికి వెనుకాడే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. ఇవి కూడా మన 'నేపథ్యమే'. కానీ వీటిని చూసి మనకు సిగ్గు కలగడం లేదు. అమ్మమ్మ మాట్లాడే పల్లె తెలుగును చూసి, దాదీ పలికే దక్కనీని చూసి మాత్రం సిగ్గుపడుతున్నాము. సిగ్గుపడవలసిన దానిని నెత్తిన మోస్తూ, నెత్తిన పెట్టుకోవలసిన దానిని జారవిడుస్తున్నాము. దీని గురించి తల్లిదండ్రులు ఆలోచించాలి.

మనం చేయగలిగినవి

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశాన్ని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో శాశ్వతం చేశాడు. ఆ ఉపదేశం 'నాయనా' అన్న మమకారపు పిలుపుతో మొదలవుతుంది. ఏకదైవారాధన, తల్లిదండ్రుల హక్కు, నమాజు, సహనం, చివరకు నడకలో అణకువ, గొంతులో సౌమ్యత వరకు సాగుతుంది. ముందు ప్రేమ, తరువాత విశ్వాసం, ఆ పైన ప్రవర్తన. పిల్లల వ్యక్తిత్వం ఈ క్రమంలోనే రూపుదిద్దుకుంటుంది.

కనుక ఇంట్లో ప్రతి పెద్దవారూ తమకు సహజమైన భాషలోనే పిల్లలతో మాట్లాడాలి. అమ్మమ్మతో తెలుగు, దాదీతో ఉర్దూ మాట్లాడే బిడ్డ రెండు ముక్కలుగా చీలిపోడు, రెండు ఇళ్ళకు వారసుడవుతాడు. ఖుర్ఆన్‌ను అరబ్బీలో పఠించడం నేర్పుతూనే దాని భావాన్ని తెలుగులో చదివి వినిపించాలి. 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసిన చిలుకూరి నారాయణరావు గారు గత శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ముస్లిమేతర పండితుడొకరు అంత శ్రమ పడితే, మన ఇళ్ళలో ఆ భావాన్ని తెలుగులో చెప్పుకోవడానికి మనకు సంకోచం తగదు. మన ఊరేది, తాత ఏ పని చేసేవాడు, ఏ కష్టం మీద ఈ పట్నం చేరాము అన్న సంగతులు పిల్లలకు కథలుగా చెప్పాలి. ఎవరి యాసనూ ఇంట్లో వెక్కిరించకూడదు. పెద్దలు ఇంట్లో నవ్విన మాటను పిల్లలు వీధిలో అంటారు.

ఇక ఆ ఖాళీ గడి సంగతి. మూడో రోజు తండ్రి కలం తీసుకుని అందులో 'తెలుగు' అని రాశాడు. కింద 'తెలిసిన ఇతర భాషలు' అన్న చోట 'ఉర్దూ' అని చేర్చాడు. తరువాత కొడుకును పిలిచి, ఆ దరఖాస్తును అమ్మమ్మకు చదివి వినిపించమన్నాడు. పిల్లవాడు మొదట ఇంగ్లీషులోనే చదివాడు.

"నాకు అర్థం కాలేదు నాయనా" అన్నది ఆమె.

ఒక్క క్షణం ఆగి, మొదటి నుంచి తెలుగులో చెప్పుకొచ్చాడు. 'మాతృభాష' దగ్గరకు వచ్చేసరికి తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, "ఇది నీ భాషే అమ్మమ్మా" అన్నాడు.

మన సంతానం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. వారికి విశ్వాసాన్ని ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఆ విశ్వాసాన్ని తమ ఇంటి మాటలో, తల ఎత్తుకుని చెప్పగల ధైర్యాన్ని ఇవ్వడం కూడా అంతే ముఖ్యం. ఆ అప్పగింతను నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.