పరీక్ష యంత్రం చూపిన వెన్న కంప్యూటర్‌కు చేరుతున్నదా?

ఉదయం పాల సేకరణ వేళ. సభ్యులు క్యాన్లతో వరుసలో ఉన్నారు. పాల పరీక్ష యంత్రం వెన్న 7.0 శాతం అని చూపుతున్నది. కాని కంప్యూటర్‌లో ఆ గడి ఖాళీగానే ఉన్నది. తీగను కొంచెం కదిపితే అంకె వస్తుంది. తరువాతి సభ్యుని వంతు వచ్చేసరికి మళ్ళీ పోతుంది. కంప్యూటర్ ఉన్న సంఘాల కార్యదర్శులకు ఈ చిక్కు కొత్త కాదు.

ఇది కార్యదర్శి ఒక్కరి చిక్కు కాదని మనవి చేస్తున్నాము. అంకె రానప్పుడు తొందరలో నిన్నటి శాతమో, ఉజ్జాయింపు శాతమో వేస్తే ఏమవుతుంది? కిలో వెన్నకు 700 రూపాయలు అనుకుందాము. 6 కిలోల పాలు పోసిన సభ్యునికి 7.0కు బదులు 6.5 పడితే 30 గ్రాముల వెన్న, అంటే 21 రూపాయలు ఒక్క పూటలో నష్టం. ఎక్కువ పడితే ఆ నష్టం సంఘానిది.

తీగలో ఏమున్నది?

పరీక్ష యంత్రం, తూకం యంత్రం, చీటీలు ముద్రించే ప్రింటరు చాలాచోట్ల యు.ఎస్.బి. తీగలతోనే కంప్యూటర్‌కు కలిసి ఉంటాయి. యు.ఎస్.బి. 2.0 తీగ లోపల నాలుగు సన్నని తీగలుంటాయి. రెండింటిలో 5 వోల్టుల కరెంటు, మిగిలిన రెండింటిలో సమాచారం నడుస్తాయి. కరెంటు తీగలు బాగుండి సమాచారపు తీగ తెగితే దీపం వెలుగుతుంది గాని అంకె రాదు. కనుక దీపం వెలిగినంత మాత్రాన అంతా సవ్యంగా ఉన్నదని అనుకోరాదు.

వరుసగా చూడవలసినవి

ముఖ్యమైన నియమం ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగూ ఒకేసారి మార్చితే లోపం ఎక్కడున్నదో ఎన్నటికీ తెలియదు.

1. తీగ: బాగా పనిచేస్తున్న మరొక తీగ పెట్టి చూడండి. అంకెలు నిలకడగా వస్తే పాత తీగను తీసివేయండి. యు.ఎస్.బి. 2.0 తీగ 5 మీటర్లకు మించరాదు. బల్ల కాలి కింద నలిగే తీగ, కొస దగ్గర మడతపడిన తీగ ఎక్కువ కాలం మన్నవు.

2. సాకెట్టు: కంప్యూటర్ పెట్టె ముందువైపు సాకెట్లు లోపల మరొక తీగ ద్వారా మదర్‌బోర్డుకు కలుస్తాయి. వెనుకవైపువి నేరుగా బోర్డు మీదే ఉంటాయి. కనుక ముఖ్యమైన యంత్రాలను వెనుకవైపే తగిలించండి. సాకెట్టు మీద అనుమానముంటే పనిచేసే మౌసును అందులో పెట్టి చూడండి.

3. హబ్బు: యు.ఎస్.బి. 2.0 సాకెట్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటు ఇవ్వగలదు. సొంత అడాప్టరు లేని హబ్బుకు మూడు నాలుగు పరికరాలు తగిలిస్తే అవన్నీ ఆ కాస్త కరెంటునే పంచుకోవాలి. హబ్బు తీసివేసి నేరుగా కలపండి. తప్పనిసరైతే సొంత అడాప్టరు ఉన్న హబ్బునే వాడండి.

4. కామ్ నెంబరు: కొన్ని పరీక్ష యంత్రాలకు 9 సూదుల పాత సాకెట్టు ఉంటుంది. వాటికి కన్వర్టరు తగిలిస్తారు. దానికి కంప్యూటర్ ఒక కామ్ నెంబరు ఇస్తుంది. కన్వర్టరును వేరే సాకెట్టుకు మార్చితే ఆ నెంబరు మారవచ్చు. సాఫ్ట్‌వేరు మాత్రం పాత నెంబరు వద్దనే ఎదురు చూస్తుంది. అందుచేత తీగకు, సాకెట్టుకు ఒకే రంగు గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడే తగిలించండి.

5. పొదుపు ఏర్పాటు: కాసేపు పని లేకపోతే విండోస్ యు.ఎస్.బి. కరెంటును ఆపివేయవచ్చు. ఉదయం బాగుండి సాయంత్రం సేకరణకు పరికరం కనబడకపోతే దీనిని అనుమానించాలి. డివైస్ మేనేజర్‌లో యు.ఎస్.బి. రూట్ హబ్ వద్ద, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్కును తీసివేయండి.

6. ఎర్తింగు: కంప్యూటర్ పెట్టెను తాకితే జిల్లుమంటే వెంటనే స్విచ్చి ఆపి ఎలక్ట్రీషియనుకు చెప్పండి. ప్లగ్గు మూడవ పిన్నును ఎన్నడూ తీసివేయరాదు. తడి చేతులతో తీగలు ముట్టరాదు.

ఇవన్నీ చూసినా ఫలితం లేకపోతే యంత్రాన్ని మరొక కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడ పనిచేస్తే లోపం మన కంప్యూటర్‌లోనిది. అక్కడా పనిచేయకపోతే మెకానిక్కును పిలవాలి.

అంతవరకు సేకరణ ఎలా?

పరీక్ష యంత్రం సరిగా చదువుతున్నప్పుడు సేకరణ ఆపనక్కరలేదు. యంత్రం చూపిన అంకెను సభ్యునికి చూపి, రిజిస్టరులో సిరాతో వ్రాసి, సంతకం తీసుకోండి. తరువాత కంప్యూటర్‌లో ఎక్కించండి. నిన్నటి అంకె మాత్రం వేయవద్దు.

పాలకవర్గాలు ఒక మంచి తీగ, ఒక కన్వర్టరు ఎల్లప్పుడూ బీరువాలో సిద్ధంగా ఉంచవలసిందిగా కోరుతున్నాము. సభ్యులు కూడా కంప్యూటర్ బల్లపై క్యాన్లు పెట్టకుండా, ప్రతి పూటా చీటీలోని శాతాన్ని యంత్రం చూపిన అంకెతో సరిచూసుకోవాలి. అలా సరిచూసుకోవడం కార్యదర్శిని శంకించడం కాదు. అది మన సంఘం లెక్కను మనమే కాపాడుకోవడం.