టంకశాలలో న్యూటన్

తెలుక్ ఇంటాన్ పట్టణమున్న పెరాక్ రాష్ట్రం పేరుకు మలయ్ భాషలో వెండి అని అర్థం. అక్కడి తగరపు మెరుపును బట్టి ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. కంటిని భ్రమింపజేసే ఈ పోలిక తూకానికి నిలువదు. ఘనసెంటీమీటరు వెండి 10.5 గ్రాములు తూగితే, తగరం 7.3 గ్రాములే తూగుతుంది.

దొంగనాణేన్ని త్రాసు పట్టిస్తుంది. దానిని చేసిన చేతిని పట్టించేదెవరు? 1696లో లండన్ టంకశాలకు వార్డెన్‌గా నియమితుడైన ఐజాక్ న్యూటన్‌కు ఎదురైన సమస్య ఇదే. ఆనాటి ఇంగ్లండులో నాణేల అంచులు కత్తిరించడం, దొంగనాణేలు చేయడం రాజద్రోహం, శిక్ష మరణం. అంచుపై వేసిన గీతలు, అక్షరాలు కోతను అరికట్టగలిగాయి. దొంగ అచ్చులకు మాత్రం సాక్షులే శరణ్యమయ్యారు. న్యూటన్ వందకు పైగా వాంగ్మూలాలు సేకరించాడు.

ఆయన ప్రధాన ప్రత్యర్థి విలియం చాలోనర్. టంకశాల అసమర్థతను పార్లమెంటు ఎదుట విమర్శించి, నాణేల తయారీని తానే మెరుగుపరుస్తానన్న సాహసి. న్యూటన్ అతనిని లోపలికి రానీయలేదు. అతని సహచరుల నుండి, తోటి ఖైదీల నుండి సాక్ష్యం కూడగట్టాడు. ప్రాణభిక్ష కోరుతూ చాలోనర్ వ్రాసిన లేఖ ఫలించలేదు. 1699 మార్చిలో టైబర్న్‌లో అతనిని ఉరితీశారు.

ఆ సాక్షులలో పలువురు స్వయంగా నేరస్థులే. తమ ప్రాణాలు దక్కించుకోవడానికి నోరు విప్పినవారే. లోహపు స్వచ్ఛతను తూచే త్రాసు టంకశాలలో ఉంది. మాట స్వచ్ఛతను తూచే త్రాసు న్యూటన్ వద్ద కూడా లేదు.