షుగరుంది, పిల్లలు కావాలి: ఐటీ కారిడార్‌లో అపోహలు, అసలు సంగతులు

సైబర్ టవర్స్ మొదలుకొని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా చాలా కంపెనీలు ఏటా ఉద్యోగులకు హెల్త్ చెకప్ చేయిస్తాయి. రిపోర్టు మెయిల్‌కు వస్తుంది. హెచ్‌బీఏ1సీ అనే షుగరు పరీక్ష ఎదురుగా ఎర్రటి అంకె కనిపించినా, ఈ రిలీజ్ అయ్యాక చూద్దాంలే అని మూసేసేవాళ్లున్నారు. హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించాయి. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం. ఈ రెండింటితో కలిసి తిరిగేదే టైప్ 2 షుగరు. కాబట్టి ముప్పై దాటకుండానే అది బయటపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

‘ముందు నెల తప్పనీ అమ్మా, షుగరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.’

అన్ని అపోహల్లోకీ ఖరీదైనది ఇదే. నెల తప్పి రెండు వారాలు గడిచేసరికి బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోతుంది. గుండె కూడా అప్పటికే రూపు కడుతూ ఉంటుంది. మొదటి స్కాన్‌కి అపాయింట్‌మెంట్ దొరికేలోపే ఇదంతా జరిగిపోతుంది. ఆ వారాల్లో తల్లి రక్తంలో షుగరు ఎక్కువగా ఉంటే అవయవ లోపాలు, గర్భస్రావం ముప్పు పెరుగుతాయి. అందుకే గర్భం దాల్చకముందే హెచ్‌బీఏ1సీని 6.5 శాతంలోపు తెచ్చుకోమంటారు, అదీ షుగరు మరీ పడిపోకుండా. 10 దాటి ఉంటే అది తగ్గేదాకా ఆగమనే బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల షుగరు సగటు గనుక ఒక్క వారం కట్టడితో దిగేది కాదు.

షుగరు తగ్గించుకునే ఈ వ్యవధిలోనే మందుల డబ్బా ఒకసారి తిరగేయాలి. పేరు చివర ‘ప్రిల్’, ‘సార్టన్’ అని ఉన్న బీపీ మాత్రలు, ‘స్టాటిన్’ అని ఉన్న కొలెస్ట్రాల్ మాత్రలు ఉంటే వాటిని సొంతంగా ఆపేయకుండా డాక్టరుకు చూపించి మార్పించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ కూడా ఇప్పుడే మొదలవ్వాలి. షుగరున్నవాళ్లకు తరచు 5 మిల్లీగ్రాముల మోతాదు రాస్తారు. కంటి రెటీనా, కిడ్నీల పరీక్షలూ ముందే అయిపోవాలి.

‘ఇన్సులిన్ బిడ్డకు మంచిది కాదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాల్సిందే.’

మాయను దాటి బిడ్డకు చేరేది గ్లూకోజే. ఇన్సులిన్ దాదాపు చేరదు. ఆ గ్లూకోజ్‌ని తట్టుకోవడానికి బిడ్డ క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాంతో బిడ్డ మరీ బొద్దుగా పెరుగుతుంది, పుట్టిన కొన్ని గంటల్లోనే షుగరు పడిపోయే ప్రమాదమూ ఉంది. అయిదో నెల దాటాక మోతాదు పెరుగుతోందంటే జబ్బు ముదిరిందని కాదు, మాయ విడుదల చేసే హార్మోన్ల ప్రభావమది. మాయ బయటికి రాగానే అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. టైప్ 2 ఉన్నవాళ్లలో కొందరు తిరిగి మాత్రలకే వస్తారు. అసలు జాగ్రత్త వేరే ఉంది: ఏప్రిల్ ఎండలో స్కూటీ డిక్కీలో ఇన్సులిన్ పెన్ను వదిలేస్తే మందు పాడవుతుంది.

‘అన్నం మానేసి రాగిజావ తాగితే చాలు.’

మెత్తగా ఉడికించిన జావ షుగరును చకచకా పెంచేయగలదు. పప్పు, కూర ఎక్కువగా, అన్నం కొలతగా తింటే మానేయాల్సిన పనే లేదు. ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది: పరగడుపున 95లోపు, తిన్న గంటకు 140లోపు, రెండు గంటలకు 120లోపు ఉండాలి. నైట్ షిఫ్టువాళ్లు భోజన వేళలను బట్టి ఇన్సులిన్ వేళలను డాక్టరుతో కూర్చుని సరిచేయించుకోవాలి.

‘ఫాస్టింగ్ నార్మల్, కాబట్టి నాకు లేదు.’ మనవాళ్లలో చాలామందికి తిన్న తర్వాతే పెరుగుతుంది. అందుకే మన దేశంలో గర్భిణికి, తిన్నా తినకపోయినా, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు. 140 లేదా ఆపైన వస్తే షుగరున్నట్టే. తొలిసారి నార్మల్ వచ్చినా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి.

‘సిజేరియన్ తప్పదు, పాలివ్వకూడదు.’ రెండూ తప్పే. షుగరు ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ వాడుతూ నిశ్చింతగా పాలివ్వచ్చు.

గర్భంతోనే వచ్చిన షుగరు కాన్పుతో పోయిందని ఊరుకోకూడదు. బిడ్డకు ఆరో వారం టీకా వేయించడానికి వెళ్లిన రోజే తల్లి కూడా 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవచ్చు, పరగడుపున వెళితే సరి.