ఉన్నిపని నేర్వబోయిన చోట వ్యాధి

గొఱ్ఱె ఉన్నిని కత్తిరించి, ఏకి, వడకి, గొంగళి నేయు విద్య మన పల్లెలకు క్రొత్త గాదు. ఆ పని యందు తరతరములుగా ఆఱితేఱిన కురుమలు తెలంగాణమున నేటికిని కలరు. కాని యిట్టి పనినే నేర్చుకొనుటకై చేతిధనము వెచ్చించి, సముద్రము దాటి, పరదేశమున వారము దినములు విడిది చేయువారు కలరనిన మీకు వింతగా తోచవచ్చును. ఐరోపా, అమెరికా ఖండములలో నిది యిప్పుడు పెరిగిన వేడుక. పదిపదునైదుగురు ఒక యింట దిగుదురు. పగలెల్ల ఉన్ని వడకుట, రంగు వేయుట, సూదులతో అల్లుట నేర్చుకొందురు. రాత్రి కబుర్లు చెప్పుకొనుచు మరల అల్లుదురు. అటువంటి విడిదులలోను, అచటినుండి యిల్లు చేరిన పిదపను జబ్బుపడుట తఱచుగా వినబడుచున్నది. అది యేల కలుగును, ఎక్కడినుండి వచ్చును అను విషయమును నేడు మీకు మనవి చేయుదును.

స్కాట్లండునకు ఉత్తరముగా సముద్రమధ్యమున షెట్లండు అను ద్వీపసమూహము కలదు. దీవులు 100కు మించియున్నను జనులు కాపురముండునవి 20కి లోపే. అచటి గొఱ్ఱె చిన్నది; దాని ఉన్ని మిక్కిలి సన్నము. అందలి అన్‌స్టు దీవిలో అల్లిన శాలువ పెండ్లి యుంగరములోనుండి దూరిపోవునని ప్రసిద్ధి. దక్షిణమున నున్న ఫెయిర్ ఐల్ అను దీవి పేర రంగురంగుల అల్లిక లోకమంతట వ్యాపించినది. పూర్వమా దీవులలోని స్త్రీలు నడుమునకు తోలుపట్టెడ కట్టి, దాని రంధ్రమున నొక సూది గ్రుచ్చి, వంటచెఱకునకు బదులుగా వాడు ఎండిన మట్టిపెళ్లల గంపను వీపున మోయుచు, నడచుచునే అల్లుచుండిరి. మనవారు నెత్తిన కట్టెలమోపుతో నడచుచు నోట పాట విడువని చందమిది. 2010వ సంవత్సరమున నచట ఉన్నివారోత్సవము ఆరంభమైనది. సెప్టెంబరు చివరను అనేక దేశముల వారు ఆ దీవులకు చేరుదురు. 2020లో కోవిడు మహమ్మారి వలన ఆ యుత్సవము నిలిచిపోయినది.

మా శిష్యుడొకడు ఇంగ్లండున ఉద్యోగము చేయుచున్నాడు. అతని భార్య అల్లికపని యందు ఆసక్తి కలది. ఆమె ఆ వారోత్సవమునకు పోయి, తిరుగుప్రయాణమున ఓడలోనే తుమ్ములతోను గొంతునొప్పితోను బాధపడెను. మూడు నాలుగు దినములలో నది తగ్గినది. తరువాత దీపావళికని మా యూరు వచ్చెను. వచ్చిన తొమ్మిదవ దినమున తీవ్రమైన జ్వరము, కన్నుల వెనుక నొప్పి, ఎముకలు విఱిగినట్లుండు పోటు పట్టుకొన్నవి. అత్తగారు పరదేశపు గొఱ్ఱెల గాలి సోకినదనిరి. పొరుగింటివారు ఓడలోని చలి యెముకలలో దిగినదనిరి. ఒక పెద్దమనిషి దృష్టిదోషమనెను. వీరందఱు జ్వరమునకు కారణము వెదకుచుండిరే కాని దినములు లెక్కించిన వారు లేరు.

కోడి పొదిగిన గ్రుడ్డు పిల్లయగుటకు 21 దినములు పట్టును. రోగక్రిమియు నట్లే శరీరమున ప్రవేశించిన వెంటనే వ్యాధిగా బయలుపడదు. ఆ నడుమ కాలమును వైద్యులు పొదుగుకాలమందురు. ఒక్కొక్క వ్యాధికి పొదుగుకాలము వేఱు. మామూలు పడిసెమునకు ఒకటి మొదలు మూడు దినములు, ఇన్‌ఫ్లూయెంజాకు ఒకటి మొదలు నాలుగు, కోవిడునకు రెండు మొదలు పదునాలుగు. నోరోవైరసు అను క్రిమివలని వాంతులు విరేచనములు 12 గంటలు మొదలు 48 గంటలలోనే తోచును. ఈ లెక్క తెలిసినవాడు జ్వరము పుట్టిన దినమునుండి వెనుకకు లెక్కించుకొని, ఆ కాలమున రోగి ఎచట నుండెను, ఎవరి చెంత కూర్చుండెను, ఏ జంతువును తాకెను అని విచారించును. లెక్క యొక్కటియే తీర్పు చెప్పదు. కాని వెదుకవలసిన చోటును చూపును.

ఆమెకు తిరుగుప్రయాణమున పట్టిన పడిసెము సంగతి ముందు చూతము. చలిదేశము గనుక చలివలన వచ్చినదని మనము తలంతుము. క్రిమి లేనిదే ఎంత చలియైనను పడిసెమును పుట్టింపజాలదు. చలి చేయునదేమనగా, జనులను లోపలికి తోలి తలుపులు వేయించును. ఆ దీవులలో గాలి మిక్కుటము. కిటికీలు బిగించి, పొయ్యి రాజవేసి, ఒకే బల్లచుట్టు గంటల తరబడి కూర్చుందురు. నలుగురు నవ్వినను, ఒకరు దగ్గినను ఆ గాలినే యందఱు పీల్చవలెను. నేర్పువారు ఒకరి అల్లికను సరిదిద్ది, ఆ చేతితోనే మఱియొకరి సూదులు పట్టుకొందురు. వీరిలో లండనునుండి వచ్చినవారు, అమెరికానుండి వచ్చినవారు, ఆస్ట్రేలియానుండి వచ్చినవారు కలరు. ఒక్కొక్కరి యూరి పడిసెము ఒక్కొక్కటి. మన తీర్థములలోను, పెండ్లి విడిదులలోను జరుగునదియు నిదియే కదా! కావున విడిదిలో పట్టు జబ్బులలో నెక్కువ పాలు గొఱ్ఱెవలన గాక, ప్రక్కకుర్చీలోని మనుష్యునివలననే వచ్చునని చెప్పవచ్చును.

ఓడ సంగతి యొకమాట. అబర్డీను రేవునుండి ఆ దీవుల ముఖ్యపట్టణమగు లర్విక్కునకు రాత్రియంతయు, సుమారు 12 గంటలు, ఓడలో పోవలెను. ఓడ యూగునప్పుడు చెవిలోపలి తూనికయంత్రము కదలుచున్నామనును. చేతిలోని పనిమీద నిలిపిన కన్ను కదలుటలేదనును. ఈ తగవువలన తల తిరిగి వాంతి యగును. ఓడలో నల్లుదమని సూదులు చేతబట్టిన వారికిది మఱింత కలుగును. దూరమున నున్న దిక్చక్రమును చూచుచు కూర్చున్న కొంత కుదుటపడును. ఇది వ్యాధి కాదు. నేల తొక్కినంతనే పోవును. పోని వాంతి, విరేచనములతో కూడిన వాంతి, నోరోవైరసు కావచ్చును. దానికి చేతులకు పూసికొను సారాయిద్రవము చాలదు. సబ్బుతో నీళ్లు పోసి కడుగవలెను.

ఇక అత్తగారి మాట. గొఱ్ఱెల గాలి సోకుననుట వట్టి మూఢమాట యని కొట్టివేయుటకు వీలు లేదు. దానికొక పెద్ద చరిత్ర కలదు.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు అను పట్టణము పందొమ్మిదవ శతాబ్దమున ఉన్నిమిల్లులకు రాజధాని. దక్షిణ అమెరికానుండి ఆల్పాకా అను జంతువు ఉన్నియు, తుర్కీనుండి ఒకజాతి మేకబొచ్చును అచటికి మూటలు మూటలుగా దిగుచుండెను. ఆ మూటలు విప్పి ఉన్నిని ఏరు కూలీలు ఉన్నట్టుండి రొమ్ము బిగియుట, ఊపిరి ఆడకపోవుట, కొలది దినములలోనే మరణించుట సంభవించుచుండెను. జనులు దానిని ఉన్ని ఏరువారి రోగమనిరి. 1876లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు ఆంత్రాక్సు అను పశువ్యాధికి కారణమగు క్రిమి జీవితక్రమమును కనుగొనెను. అటు పిమ్మట 1880 ప్రాంతమున బ్రాడ్‌ఫర్డు వైద్యుడు జాన్ హెన్రీ బెల్, కూలీలను చంపుచున్నదియు నా వ్యాధియే యని నిరూపించెను. ఫ్రెడరిక్ యూరిక్ అను మఱియొక వైద్యుడు 1905 మొదలు వేలకొలది ఉన్ని నమూనాలను పరీక్షించి, నెత్తుట తడిసి యెండిన ఉన్నియే ప్రధానముగా ప్రమాదకరమని తెలిసికొనెను. వాని కృషి ఫలముగా 1919లో చట్టము పుట్టినది. 1921లో లివర్‌పూలు రేవునందు, వచ్చిన ఉన్నిని సబ్బునీళ్ల కడిగి ఫార్మాలిను మందుతో శుద్ధిచేయు శాల నెలకొన్నది.

ఆ వ్యాధి మనకు పరాయిది కాదు. మన గొల్లలు దొమ్మ యనునదియే అది. మేయుచున్న గొఱ్ఱె హఠాత్తుగా కూలి, ముక్కున నోట గడ్డకట్టని నల్లని నెత్తురు కారినచో దాని తోలు ఒలువరాదు, బొచ్చు తీయరాదు, మాంసము ముట్టరాదు. ఆ క్రిమి గాలి సోకినంతనే గట్టిపెంకు గల బీజముగా మారి మంటిలో దశాబ్దములు నిలుచును. స్కాట్లండు తీరమున గ్రువినార్డు అను చిన్న దీవిపై 1942లో బ్రిటిషు ప్రభుత్వమువారు యుద్ధప్రయోగమునకై ఈ బీజములను గొఱ్ఱెలపై ప్రయోగించిరి. గొఱ్ఱెలు నాడే చచ్చెను గాని దీవి విషము పోలేదు. 1986లో సముద్రజలమున ఫార్మాలిను కలిపి నేల తడిపి, 1990లో గాని అది నిర్భయమని ప్రకటింపజాలరైరి. దీనిని తలచిన, చచ్చిన గొఱ్ఱెను చెఱువుగట్టున పాఱవేయు మన యలవాటు ఎట్టిదో మీరే యూహింపుడు.

ఐనను నేటి విడిదులలో చేతికందు ఉన్ని కడిగి, వడకి, రంగువేసినది. ఆరోగ్యము గల మందనుండి కత్తిరించినది. దానినుండి దొమ్మ సోకునను భయము మిక్కిలి స్వల్పము. కడుగని పచ్చియున్ని చేతబట్టిన వారు భోజనమునకు ముందు చేతులు కడుగుకొనిన చాలును.

గొఱ్ఱె మేకలవలన వచ్చు మఱియొక జ్వరము కలదు. దాని పేరు క్యూ జ్వరము. 1935 ప్రాంతమున ఆస్ట్రేలియాలో బ్రిస్బేను నగరపు కబేళాకూలీలకు కారణము తెలియని జ్వరములు రాగా, డెరిక్ అను వైద్యుడు, ఇంగ్లీషున ప్రశ్న యను నర్థము గల మాట మొదటి యక్షరము తీసికొని ఈ పేరు పెట్టెను. కారణము తరువాత తెలిసినను పేరులోని ప్రశ్న పోలేదు. ఈనిన గొఱ్ఱె మావిలోను, ఉమ్మనీటిలోను ఈ క్రిమి విస్తారముగా నుండును. అది యెండి ధూళితో గాలిలో నెగురును. హాలండు దేశమున 2007 మొదలు 2010 వఱకు పాలమేకల మందలనుండి 4,000 మందికి మించి ఈ జ్వరము సోకినది. దీని పొదుగుకాలము రెండు మూడు వారములు. కావున యాత్రికుడు ఇల్లు చేరిన పిదపనే బయటపడును. షెట్లండులో గొఱ్ఱెలు ఈనునది వసంతకాలమున, ఉన్నివారోత్సవము శరత్తున. అందుచేత భయము తక్కువ. వసంతమున పోవువారు, విశేషించి గర్భిణులు, ఈనుచున్న గొఱ్ఱెల దొడ్డికి దూరముగ నుండవలెను.

మా శిష్యుని భార్య సంగతికి వత్తము. ఆమెను చూచిన వైద్యుడు మొదట నాడి పట్టక తేదీలడిగెను. దీవి విడిచి 17 దినములు. మా యూరు వచ్చి 9 దినములు. పడిసెము, ఇన్‌ఫ్లూయెంజా, కోవిడు లెక్క దాటిపోయినవి. క్యూ జ్వరము లెక్కలో నిలిచినది. కాని ఆమె దొడ్డిలో నడుగుపెట్టలేదు, కడిగిన ఉన్నినే పట్టినది. ఇక నాలుగు మొదలు పది దినముల పొదుగుకాలము గలది డెంగీ జ్వరము. నెత్తురు పరీక్షింపగా నదియే తేలినది. డెంగీని మోయు దోమ పగటిపూట కుట్టును, మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. ఆ యింటి పెరటిలో మూతలేని నీటితొట్టియు, వాననీరు నిలిచిన కొబ్బరిచిప్పలును ఉండెను. షెట్లండు గొఱ్ఱె నిర్దోషి. దోషము మా పెరటిదోమది. ఆమె పదిదినములలో కోలుకొనెను. అత్తగారు నేటికిని పూర్తిగా నమ్మలేదు.

ప్రయాణము తరువాత వచ్చు ఆపద మఱియొకటి చెప్పవలసియున్నది. అమెరికాలోని కొడుకుల యొద్దకు, కూతుండ్ర యొద్దకు పోవు పెద్దలు మన పల్లెలలోను నేడు కలరు గనుక ఇది వారికిని చెందును. దీనికి క్రిమితో పనిలేదు. విమానమున గంటల తరబడి కదలక కూర్చున్న వారికి, అందును పగలెల్ల అల్లికబల్ల యొద్దను కూర్చుండి వచ్చిన వారికి, పిక్కలోని సిరలలో నెత్తురు మందగించి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయిన ప్రాణాపాయము. 4 గంటలకు మించిన ప్రయాణమున నీ యపాయము సుమారు రెండింతలగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో తెలిపినది. ఆరోగ్యవంతులలో నిది 6,000 మందిలో నొకరికి మాత్రమే కలుగును. కాని ముసలితనము, స్థూలకాయము, ఇటీవలి శస్త్రచికిత్స గలవారికి ఎక్కువ. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడచుట, కూర్చున్న చోటనే మడమలెత్తి దించుట మంచిది. ఇల్లు చేరిన కొన్ని వారముల వఱకును ఒక కాలు మాత్రము వాచి నొప్పిపెట్టినను, ఊపిరి పీల్చునప్పుడు రొమ్ములో పోటు వచ్చినను, ఉన్నట్టుండి ఆయాసము కలిగినను, వాతమని నూనె మర్దించుచు కాలము గడపక, ఆ దినమే పెద్ద వైద్యశాలకు పోయి, విమానములో ఎన్ని గంటలు కూర్చుంటిరో ముందుగా చెప్పవలెను. గడ్డను పెరగనీయని మందులు కలవు. అవి తొలిగంటలలో పడిన మేలు ఎక్కువ.