తెలుగు మీట నొక్కితే హిందీ తెరుచుకుంటే...

రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి వెబ్‌ పేజీ ఉందనుకుందాం. ఓపీ వేళలు హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు భాషల్లో విడివిడిగా దాచి ఉంటాయి. తెలుగు మీట నొక్కితే హిందీ భాగం తెరుచుకుంటుంది. హిందీ చదవలేని రోగి ఫోనే పాడైందనుకుని పేజీ మూసేస్తాడు.

లోపం ఫోనుది కాదు, మూడు భాగాలకూ ఒకే ‘ఐడీ’ ఇవ్వడం వల్ల వచ్చింది. మూడిళ్లకు ఒకే నంబరుంటే జావాస్క్రిప్ట్ మొదటి ఇంటి తలుపే తడుతుంది. ఐడీలు వేరుచేసి, ఏ మీట దేనిదో చెప్పాలి.

అంతకంటే సులువు, హెచ్‌టీఎంఎల్‌లోని ‘డీటెయిల్స్’, ‘సమ్మరీ’ ట్యాగులు. స్క్రిప్టు లేకుండానే దేనికది తెరుచుకుంటుంది, కీబోర్డుతోనూ పనిచేస్తుంది. కానీ అన్నిటికీ ఒకే ‘నేమ్’ పెడితే ఒకటి తెరవగానే మరొకటి మూసుకుంటుంది. 2023 చివర్లో క్రోమ్, సఫారీల్లో వచ్చిన ఈ సౌకర్యం, రెండు భాషలూ పోల్చి చదివేవారికి మాత్రం అడ్డే.